తవ్వే చదువు.. పూడ్చే చదువు

కొత్తగూడెం: బొగ్గు కోసం నేలను ఎట్లా తవ్వాలో నేర్పిన కాలేజీ ఇప్పుడు ఆ నేలను ఎట్లా కాపాడాలో కూడా నేర్పవలసి వున్నది. ఒకప్పటి కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ నేడు డాక్టర్ మన్మోహన్ సింగ్ భూ విజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. 2025 డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దీనిని ప్రారంభించారు.

ఇది పట్నపు పిల్లల సంగతి, మనకెందుకని అనుకోరాదు. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. ఆనాటి భూగర్భ గనులపైన అడవి చాలావరకు నిలిచేది. ఓపెన్‌కాస్టు గనిలో అట్లా కాదు. ముందు చెట్టు పోతుంది, తర్వాత మట్టి పోతుంది, ఆ తర్వాతనే బొగ్గు. తవ్విపోసిన రాతిమట్టి గుట్టలవుతుంది. వాన కురిస్తే ఆ మట్టి వాగుల్లోకి, చెరువుల్లోకి దిగుతుంది.

ఆ గుట్టపై మళ్లీ పచ్చదనం రావాలంటే పద్ధతి వున్నది. సారవంతమైన పైమట్టిని మొదటనే వేరుగా తీసి దాచాలి. చివరకు దానినే పైన పరచాలి. వాలుకు అడ్డంగా కందకాలు తీసి, ముందు గడ్డి, జనుము, జీలుగు పెంచాలి. నేల కుదురుకున్నాక ఇప్ప, ఉసిరి, తునికి, మద్ది నాటాలి. ఒక్క జామాయిలు వేసి అడవి అంటే కుదరదు. జామాయిలు తోటలో పశువుకు మేత లేదు, గిరిజనునికి పువ్వూ కాయా లేదు.

ఈ పాఠానికి మొదటి ప్రయోగశాల కాలేజీ ఆవరణే కావాలి. రాలిన ఆకును తగులబెట్టక ఎరువు చేయవచ్చు. మిద్దెలపై కురిసిన నీటిని గుంతల్లో ఇంకించవచ్చు. నాటిన మొక్కలెన్నో కాదు, మూడో ఎండాకాలం దాటినవెన్నో బోర్డుపై రాయాలి.

ఈ లెక్క తెలిసిన మనిషి మన పొరుగు జిల్లాలోనే వుండేవారు. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గింజలు ఏరి, సైకిలుపై తిరిగి, దారిపొడవునా మొక్కలు పెంచారు. భార్య జానమ్మ తోడుగా నిలిచారు. 2017లో పద్మశ్రీ వరించింది. 2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశారు.

గనికి భూమి ఇచ్చిన రైతు అడిగేది ఒక్కటే: ‘మా నేల మళ్లీ నేలవుతుందా?’ దానికి జవాబు చెప్పగల పిల్లలు ఈ ఆవరణలోనే తయారు కావాలి.