గులాబీ జెర్సీతో మొదలైన కప్పు

మహిళల ఐస్ హాకీలో మొట్టమొదటి అధికారిక ప్రపంచ పోటీలు 1990 మార్చిలో కెనడా రాజధాని ఒట్టావాలో జరిగాయి. ఆతిథ్య జట్టు ఏ రంగు జెర్సీ వేసుకుందో తెలుసా? జెండాలో ఉన్న ఎరుపు కాదు, గులాబీ! జనం కళ్లు అటు తిప్పడానికి వేసిన ఎత్తుగడ అది. దేశం తరఫున ఎరుపు తెలుపుల్లో ఆడాలనుకున్న కొందరు క్రీడాకారిణులకు ముందు మింగుడుపడలేదు. ఎత్తుగడ మాత్రం పారింది. ఊరు ఊరంతా గులాబీ మోజులో పడింది. ఫైనల్‌కి 8,000 మందికి పైగా వచ్చారు. కెనడా 5-2తో అమెరికాను ఓడించింది. అంత బాగా ఆడేవాళ్లను రంగు చూపించి పరిచయం చేయాల్సి రావడం మాత్రం నాకు ఇప్పటికీ కొంచెం చివుక్కుమనిపిస్తుంది.

ఒంటితో ఢీకొట్టి ప్రత్యర్థిని అడ్డుకునే బాడీ చెకింగ్‌కు ఆ తొలి పోటీల్లో అనుమతి ఉండేది. ఆ తర్వాత తీసేశారు.

ఆ టోర్నీలో కెనడా క్రీడాకారిణి ఏంజెలా జేమ్స్ 5 మ్యాచ్‌ల్లో 11 గోల్స్ కొట్టింది. ఆ తర్వాత మరో మూడు ప్రపంచ కప్పుల్లోనూ స్వర్ణం అందుకుంది. ఇంత చేసినా, 1998లో నగానోలో మహిళల ఐస్ హాకీ తొలిసారి ఒలింపిక్స్‌కి ఎక్కినప్పుడు కెనడా జట్టులో ఆమెకు చోటు దక్కలేదు. ఆ ఒలింపిక్ స్వర్ణం అమెరికాకు పోయింది. 2010లో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మొదటిసారి మహిళలకు చోటిచ్చినప్పుడు ఎంపికైన ఇద్దరిలో ఒకరు జేమ్స్, రెండోవారు అమెరికా క్రీడాకారిణి కామీ గ్రానాటో.

ఒక్క మ్యాచ్‌లో 82 గోల్స్! నమ్మబుద్ధి కాకపోయినా నిజం. 2008 సెప్టెంబరులో లాత్వియాలోని లియెపాయాలో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీల్లో స్లొవేకియా 82-0తో బల్గేరియాను చిత్తు చేసింది. ఆట మొత్తం 60 నిమిషాలు. అంటే సగటున 44 సెకన్లకో గోల్. గోల్ కొట్టాక ఆట మళ్లీ మొదలుపెట్టడానికి పట్టే సమయమే ఎక్కువ అనిపించేలా సాగి ఉంటుంది. అసలు చమత్కారం దీని తర్వాత ఉంది. అలా అర్హత సాధించి 2010లో వాంకూవర్ వెళ్లిన స్లొవేకియా, తొలి మ్యాచ్‌లోనే కెనడా చేతిలో 18-0తో ఓడింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడూ ఉంటాడంటారే, అదే.

టోర్నీ అంతటా ఆటలో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా కప్పు పోగొట్టుకోవచ్చా? పోగొట్టుకోవచ్చు. 2005లో స్వీడన్‌లోని లింషోపింగ్‌లో కెనడాకు సరిగ్గా అదే జరిగింది. ఫైనల్లో నిర్ణీత సమయంలో గోల్ లేదు, అదనపు సమయంలోనూ లేదు. షూటౌట్‌లో అమెరికా గెలిచింది. అంతకుముందు జరిగిన ఎనిమిది కప్పులూ కెనడావే!

2003లో పోటీలు బీజింగ్‌లో జరగాల్సింది. సార్స్ వల్ల రద్దయ్యాయి. 2020లో హాలిఫాక్స్ వంతు వచ్చింది, అప్పుడు కోవిడ్.

2017 నాటి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పోటీలు అమెరికాలోనే, మిషిగన్ రాష్ట్రంలోని ప్లిమత్‌లో. స్వర్ణం గెలవగల అమెరికా జట్టు సొంతగడ్డ మీద ఆడటానికి ససేమిరా అంది. కారణం జీతాలు. నాలుగేళ్లకోసారి వచ్చే ఒలింపిక్ శిక్షణ కాలంలో మాత్రమే, అదీ ఆరు నెలలపాటు, నెలకు 1,000 డాలర్లు ఇచ్చేవారు. మిగతా రోజుల్లో బతుకుతెరువు వాళ్లే చూసుకోవాలి. బదులు ఆటగాళ్లను తెచ్చుకుందామని అమెరికా హాకీ సమాఖ్య ప్రయత్నిస్తే, పిలుపు అందుకున్న అమ్మాయిలు వరసగా రామన్నారు. సమ్మె నిలబడటానికి అసలు కారణం ఈ ఐకమత్యమే. పోటీలకు మూడు రోజుల ముందు, మార్చి 28న ఒప్పందం కుదిరింది. జట్టు మంచు మీదికి దిగింది, ఫైనల్లో కెనడాను 3-2తో ఓడించింది. అదనపు సమయంలో గెలుపు గోల్ కొట్టిన హిలరీ నైట్ 2025 కల్లా పది ప్రపంచ స్వర్ణాలు పోగేసుకుంది.

1990 నుంచి 2017 దాకా ప్రపంచ పోటీల ప్రతి ఫైనల్లోనూ కెనడా, అమెరికాలే తలపడ్డాయి. ఈ గుత్తాధిపత్యాన్ని బద్దలుకొట్టిన జట్టు ఫిన్లాండ్. 2019లో సొంతగడ్డ ఎస్పోలో సెమీస్‌లో కెనడాను 4-2తో ఓడించింది. ఫైనల్లో అమెరికాతో 1-1. అదనపు సమయంలో ఫిన్లాండ్ క్రీడాకారిణి పెట్రా నీమినెన్ పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) నెట్‌లోకి పంపింది. కర్రలు, గ్లవ్స్ గాల్లోకి ఎగిరాయి, ప్రేక్షకులు ఊగిపోయారు. ప్రపంచ విజేత ఫిన్లాండ్! అంతలో రిఫరీలు వీడియో చూడటం మొదలుపెట్టారు, చాలాసేపు చూశారు. గోల్‌కీపర్‌కు అడ్డుతగిలారంటూ ఆ గోల్‌ను రద్దు చేశారు. చివరకు షూటౌట్‌లో కప్పు అమెరికాకే వెళ్లింది. నిబంధన ప్రకారం సరైన తీర్పేనని వాదించేవాళ్లు ఉన్నారు. ఉండనీండి, నా ఓటు మాత్రం ఫిన్లాండ్‌కే.

దీనికి తలకిందుల కథ 2021లో కాల్గరీలో. కెనడా క్రీడాకారిణి మరీ ఫిలిప్ పూలాన్ కొట్టిన పక్ గోల్ చట్రం లోపలి అంచుకు తగిలి అంతే వేగంతో బయటికొచ్చింది. రిఫరీలు గమనించలేదు, ఆట సాగిపోతోంది. కాసేపటికి సైరన్ మోగింది. వీడియోలో చూస్తే గోలే! కెనడాకు కప్పు.

2025 వరకు జరిగిన 24 పోటీల్లో కెనడా 13, అమెరికా 11 గెలుచుకున్నాయి. మూడో దేశానికి ఒక్కటీ లేదు.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర, దక్షిణ కొరియాల అమ్మాయిలు ఒకే జట్టుగా ఆడారు. జపాన్ మీద ర్యాండీ హీసూ గ్రిఫిన్ కొట్టిన గోల్ ఆ జట్టుకు మొదటిది. ఆ పక్ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్ సొత్తు.

మరి మన దేశం? మనకూ మహిళల జట్టుంది, దాదాపు అంతా లద్దాఖ్ అమ్మాయిలే. చాలాకాలం పాటు నడి చలికాలంలో చెరువులు గడ్డకడితేనే వాళ్లకు సాధన ఉండేది. 2016లో తైపేలో తొలిసారి అంతర్జాతీయ పోటీల్లో ఆడారు. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించి మొదటి గెలుపు రుచి చూశారు. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చారు. జనవరిలో లేహ్ వెళ్లినప్పుడు గడ్డకట్టిన చెరువు మీద అమ్మాయిలు ఆడుతూ కనిపిస్తే కాసేపు ఆగి చప్పట్లు కొట్టి రండి.