వినే గురువు, పలికే పిల్లలు

బడి అంటే పాఠం, పరీక్ష, మార్కులు మాత్రమేనని చాలామంది తల్లిదండ్రుల అభిప్రాయం. బొమ్మ గీయడం, కథ చెప్పడం, పాట పాడడం, నాటిక ఆడడం వారి దృష్టిలో కాలయాపన. ఆ పనులు చేయించడానికి పరాయి దేశం నుండి ఒక యువకుడో, యువతో బడికి వస్తే ఆ సందేహం రెట్టింపవుతుంది. "మన భాషే రాని వారు మన పిల్లలకు ఏం నేర్పుతారు?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాని జవాబు కూడా ఆ ప్రశ్నలోనే ఉంది. భాష రానివాడు ముందుగా వినక తప్పదు. శ్రద్ధగా వినేవాడు దొరికితే నోరు విప్పని పిల్లవాడు కూడా మాట్లాడతాడు.

సహాయ ఉపాధ్యాయుని పని

విదేశీ సహాయ ఉపాధ్యాయుల పద్ధతి నిన్న మొన్నటిది కాదు. బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల మధ్య భాషా సహాయకుల రాకపోకలు 1905లోనే మొదలయ్యాయి. జపాన్ ప్రభుత్వం 1987లో 'జెట్' అనే పథకం ప్రారంభించింది. మొదటి ఏడాది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాల నుండి 848 మంది వెళ్ళారు. తర్వాత అనేక దేశాలు చేరాయి. భారతీయులు కూడా ఈ పథకం కింద అక్కడి బడులలో పనిచేశారు.

ఈ సహాయకుడు తరగతికి యజమాని కాడు. స్థానిక ఉపాధ్యాయుని పక్కన నిలబడి ఉచ్చారణ చెబుతాడు, సంభాషణ చేయిస్తాడు, ఆటలు ఆడిస్తాడు. బడి విడిచాక పిల్లల సంఘాలలో కూర్చుంటాడు, వక్తృత్వ పోటీలకు తయారు చేస్తాడు. మధ్యాహ్నం పిల్లలతో కలిసి భోజనం చేస్తాడు. అతని ఒప్పందం ఏడాదికి ఒకసారి రాస్తారు. పొడిగించినా అయిదేళ్ళకు మించదు. అంటే వచ్చినవాడు వెళ్ళిపోయేవాడే. అందుకే ఒక ప్రశ్న మిగులుతుంది. అతడు వెళ్ళాక బడిలో ఏం మిగలాలి?

మదనపల్లె చెప్పిన జవాబు

విదేశీ గురువులు మన నేలకు కొత్త కాదు. ఖురాన్‌ను ఆంగ్లంలోకి అనువదించిన మార్మడ్యూక్ పిక్తాల్ గారు 1925లో హైదరాబాదుకు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసిన సంగతి మన పాఠకులలో చాలామందికి తెలుసు. అంతకు కొన్నేళ్ళ ముందే మన రాయలసీమలో జరిగిన సంగతి ఒకటుంది.

ఐర్లాండుకు చెందిన జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు 1915లో ఇండియాకు వచ్చారు. జేమ్స్ గారు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అక్కడ బుధవారం సాయంత్రాలలో విద్యార్థులు, అధ్యాపకులు కలిసి పాటలు పాడుకునేవారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ గారు మదనపల్లె వచ్చి ఆ కూటమిలో 'జనగణమన' పాడి వినిపించారు. విద్యార్థులు గొంతు కలిపారు. 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన ఈ గీతం అప్పటికింకా జాతీయగీతం కాలేదు. అది 1950 జనవరి 24న జరిగింది.

మార్గరెట్ గారు సంగీతంలో పట్టభద్రురాలు. తమ దేశపు పాటలు పిల్లలకు నేర్పడానికి ఆమెకు ఏ లోటూ లేదు. అయినా ఆ రోజులలో ఆమె చేసిన పని ఏమిటి? ఠాగూర్ గారి పాట విని, ఆ బాణీని స్వరలిపిలో రాసి పెట్టారు. ఠాగూర్ గారు అక్కడే ఫిబ్రవరి 28న ఆ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. అతిథి వినాలి, విన్నది రాసి పెట్టాలి, వెళ్ళాక ఆ కాగితం బడిలో ఉండాలి. మదనపల్లె నేర్పే పాఠం ఇదే.

సి.బెళగల్ వైపు చూస్తే

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెలలో పిల్లవాడి చెవిన తెలుగు పడుతుంది, ఉర్దూ పడుతుంది, కన్నడ యాస పడుతుంది. ఒక్క వాక్యంలోనే మూడూ కలిసిపోతాయి. ఇంట్లో 'అమ్మీ' అని పిలిచే పిల్లవాడు బడిలో ఆ మాట అనడానికి సంకోచిస్తాడు. తన యాస విని ఎవరైనా నవ్వుతారని భయం.

దీనికి తోడు సుగ్గి. ఖరీఫ్ పంట చేతికి రాగానే పడమటి పల్లెల కుటుంబాలు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు బయలుదేరుతాయి. వారితో పిల్లలూ పోతారు. ఇలాంటి పిల్లలను ఊరిలోనే నిలపడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు కూడా నడిపింది. అయినా వెళ్ళే పిల్లలు వెళ్తూనే ఉన్నారు. నాలుగు నెలల తర్వాత తిరిగి వచ్చిన పిల్లకు లెక్కలు అందవు, ఇంగ్లీషు అందదు. వెనుక బల్లలో తల వంచుకుని కూర్చుంటుంది. కొన్నాళ్ళకు బడికే రావడం మానేస్తుంది.

ఆ పిల్ల తలెత్తగల గంట బడిలో ఏదైనా ఉందా? ఉంది. కథ చెప్పే గంట, బొమ్మ గీసే గంట. మిరప కళ్ళంలో తాను చూసినది, బండిలో వెళ్తూ విన్నది తరగతిలో మరెవరికీ తెలియదు. "నీవు చూసింది గీయి, మాకు చెప్పు" అంటే చాలు, ఆ పూటకు ఆమే గురువు. సృజనాత్మక కార్యక్రమాలు కాలయాపన అనేవారు ఈ పిల్లను ఒక్కసారి తలచుకోవాలి.

మన ఇళ్ళలో ఉన్న సంపద

జపాన్ బడులలో 'కమిషిబాయి' అనే ప్రక్రియ ఉంది. చెక్క చట్రంలో బొమ్మల అట్టలు ఒకదాని వెనుక ఒకటి పెట్టి, ఒక్కొక్కటి లాగుతూ కథ చెబుతారు. కథ అట్ట వెనుక రాసి ఉంటుంది. 1930ల ప్రాంతంలో సైకిళ్ళపై మిఠాయి అమ్ముకుంటూ వీధులలో ఈ కథలు చెప్పేవారు. అట్టపెట్టె, రంగు పెన్సిళ్ళు ఉంటే మన పిల్లలూ చేయగలరు.

ఇక మనకున్నది తక్కువా? బుర్రకథనే చూడండి. నడుమ కథకుడు, చెరో ప్రక్క వంతలు. ఒకరు హాస్యం పండిస్తారు, ఒకరు లోకం సంగతులు చొప్పిస్తారు. ముగ్గురు పిల్లలు చాలు, మిగతా తరగతి అంతా 'తందాన తాన' అంటుంది. ఆ కళకు పేరు తెచ్చిన షేక్ నాజర్ గారు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన తెలుగు ముస్లిం. 1986లో పద్మశ్రీ పొందారు. దూది ఏకే కుటుంబం నుండి వచ్చిన ఆయన ఆత్మకథకు 'పింజారి' అనే పేరు పెట్టుకోవడానికి సంకోచించలేదు. పత్తికి పేరుమోసిన ఆదోని ప్రాంతంలో ఎంతమంది దూదేకుల పిల్లలకు ఈ సంగతి తెలుసు?

మక్తబ్‌లో చెక్క తఖ్తీ మీద రెల్లు కలంతో అక్షరాలు దిద్దిన తరం ఇంకా మన మధ్య ఉంది. జపాన్ పిల్లలు నేటికీ బడిలో కుంచెతో అందమైన రాత నేర్చుకుంటారు. ఒక తఖ్తీ, ఒక కుంచె పక్కపక్కన పెడితే రెండు దేశాలు పరిచయమైనట్లే. బైత్‌బాజీ, పొడుపు కథలు, ఎమ్మిగనూరు మగ్గాల మీది అంచుల నమూనాలు, ఇవన్నీ పైసా ఖర్చు లేని పాఠ్య సామగ్రి.

తల్లిదండ్రుల సందేహాలు

పరాయి సంస్కృతి పిల్లల మీద రుద్దుతారేమోనన్న భయం కొందరిది. ఒక పండుగ గురించి తెలుసుకోవడం వేరు, దానిని ఆచరించడం వేరు. ఈ తేడా పిల్లలకు మనమే నెమ్మదిగా చెప్పాలి. ఏ కార్యక్రమం చేయించబోతున్నారో బడివారు ముందుగా తల్లిదండ్రులకు తెలపాలి. ఆడపిల్లల ఫొటోలు తీసే ముందు అనుమతి అడగాలి. ఏదైనా ఇష్టం లేకపోతే పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకుండా, ఉపాధ్యాయునితో మాట్లాడి మరో పని ఇమ్మని కోరవచ్చు. అలాగే ఒక్క ముస్లిం పిల్లవాడిని నిలబెట్టి "మీ వాళ్ళ సంగతులు చెప్పు" అనడం ఏ గురువుకూ తగదు. అందరినీ అడిగినప్పుడే అతడూ ధైర్యంగా చెబుతాడు.

మనం చేయగల పని

విదేశీ సహాయకులు ప్రతి మండలానికీ వస్తారని ఎదురుచూడనక్కరలేదు. ఎన్.ఎస్.ఎస్. విద్యార్థి, బి.ఎడ్. శిక్షణకు వచ్చిన అమ్మాయి, సెలవులకు ఊరికి వచ్చిన ఇంజనీరు ఎవరైనా వారానికొక గంట ఆ అతిథి స్థానంలో కూర్చోవచ్చు. రేపు మన పిల్లలే సహాయ ఉపాధ్యాయులుగా మరో దేశపు తరగతి గదిలో నిలబడవచ్చు. "మీ ఊరి పాట ఒకటి పాడండి" అని అక్కడి పిల్లలు అడిగినప్పుడు సినిమా పాట తప్ప మరొకటి గుర్తుకు రాకపోతే ఎంత లోటు!

అందుకే ప్రతి బడిలో ఒక నోటు పుస్తకం పెట్టించండి. నానీమా చెప్పిన కథ, జోలపాట, సామెత, సుగ్గికి వెళ్ళినప్పుడు విన్న పాట ప్రతి పిల్లా వచ్చి తన భాషలో తానే చెప్పాలి. రాయడం వచ్చినవారు రాయాలి, రానివారు బొమ్మ వేయాలి. చెప్పిన వారి పేరు, ఊరు కింద ఉండాలి. వచ్చే శుక్రవారం లోపు మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చుని ఒక్క కథ అడగండి, మీ పిల్లలతో రాయించి బడికి పంపండి.