పెరటి పూలు – మూగజీవాలు

ఒక పిల్లిని బంధించి, తిండి పెట్టక, బయట తిననీయక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందనీ, దాహంతో అల్లాడుతున్న కుక్కకు నీళ్లు తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలిపినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. మూగజీవాలకు మన వల్ల తెలియక జరిగే హాని గురించి కూడా ఆలోచించాలి. మన కొండపల్లిలో పూలమొక్క లేని ముంగిలి తక్కువ, పిల్లి తిరగని ముంగిలీ తక్కువే.

ముందుగా ఊరటనిచ్చే మాట. పెళ్లి సెహ్రాకు కట్టే గులాబీలు, మల్లెలు, పెరటి మందారం కుక్కలకూ పిల్లులకూ విషం కావు. పురుగుమందు చల్లినవైతే మాత్రం దూరంగా ఉంచాలి. చామంతి తింటే వాంతులు, విరేచనాలు కావచ్చు.

అసలు భయపడాల్సింది గన్నేరుకు. ఎర్రదైనా పచ్చదైనా ఆకు, పువ్వు, కాయ, కొమ్మ అన్నీ విషమే. మేకలు ముట్టవని దడిగా వేస్తారు గానీ, ఏది దొరికినా కొరికే కుక్కపిల్లకు ఆ సంగతి తెలియదు. ఆ విషం గుండె లయను దెబ్బతీస్తుంది. ఎండిన ఆకులోనూ పోదు. కుండీల్లో పెంచే అడీనియంను ఎడారి గులాబీ అంటారు, కానీ అది గులాబీ కాదు, గన్నేరు కుటుంబానిదే. బిళ్ళగన్నేరు, ఉమ్మెత్త కూడా విషమొక్కలే.

పేరుతో పొరపాటు పడేది లిల్లీ దగ్గర. మన బజారులో దండలకు కొనే తెల్లని లిల్లీ నిజానికి నేలసంపంగి. దానివల్ల భయం లేదు. ఫంక్షన్లలో చేతికిచ్చే బొకేల్లోని పెద్ద రేకుల అసలు లిల్లీ పిల్లికి ప్రాణాంతకం. ఒంటికంటిన పుప్పొడిని నాకినా, పూలు పెట్టిన నీళ్లు తాగినా రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు పాడవుతాయి. కుక్కకు ఇంత ప్రమాదం ఉండదు. పిల్లి ఉన్న ఇంట్లోకి ఆ బొకే తేకపోవడమే మంచిది.

విషమొక్క తిన్నదని అనుమానం వస్తే ఉప్పునీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం చేయవద్దు, అది మరింత హాని. వాంతి అయ్యేదాకా ఆగకుండా, తిన్న మొక్క రెమ్మ తీసుకుని వెంటనే పశువైద్యుని దగ్గరికి వెళ్లాలి. గన్నేరు కొమ్మలు కత్తిరిస్తే వీధిలో పారేయక పూడ్చిపెట్టాలి. కాల్చకూడదు, ఆ పొగ మనుషులకూ చేటు.

నోరులేని ప్రాణులు కూడా మన బాధ్యతే. ఆ బాధ్యత నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.