ఖాతా నడుస్తున్నా గడువు ఆగదు

ఉద్దెర లేనిదే టోకు వర్తకం సాగదు. సరుకు ముందు వెళుతుంది, సొమ్ము విడతలుగా వస్తుంది, పద్దు ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆఖరి బిల్లు వేసి మూడేళ్లు కాలేదు కనుక మొత్తం బాకీకి దావా వేయవచ్చునని చాలామంది వర్తకులు నమ్ముతుంటారు. ఈ నమ్మకం అన్ని ఖాతాలకూ చెల్లదు. లెడ్జరులో ఖాతా ఒక్కటే అయినా, చట్టం దృష్టిలో అందులోని ప్రతి బిల్లుకూ విడిగా గడువు ఉండవచ్చు. ఈ తేడా తెలియక కోర్టుకు వెళ్లి అసలుకే నష్టపోయే ప్రమాదం ఉంది.

ఒక లెక్క

బెంగుళూరు రోడ్డుపై గగన్‌పహాడ్ దాటాక వచ్చే సాతంరాయి వద్ద ఒక పప్పు మిల్లు ఉన్నదనీ, బేగంబజారులోని ఒక టోకు దుకాణానికి అది కందిపప్పు ఉద్దెరకు ఇస్తున్నదనీ అనుకుందాం. బిల్లులు మూడు. 2022 ఏప్రిల్ 11న రు. 4 లక్షలు, సెప్టెంబరు 5న రు. 3 లక్షలు, 2023 మార్చి 20న రు. 2 లక్షలు. వాయిదా ఇన్ని రోజులని రాసుకోలేదు. 2022 జూన్ 1న రు. 1 లక్ష ముట్టగా మొదటి బిల్లుకు జమ కట్టారు. మిగిలిన బాకీ రు. 8 లక్షలు. మిల్లు వారు 2025 నవంబరు 17న దావా వేశారు.

ఆఖరి బిల్లు నుంచి లెక్కిస్తే మూడేళ్లు కాలేదు. అయినా రు. 8 లక్షలూ వస్తాయనుకోరాదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం 14వ ఆర్టికల్ ప్రకారం, వాయిదా నిర్ణయించకుండా అమ్మిన సరుకు ధరకు గడువు సరుకు అందిన తేదీ నుంచి మూడేళ్లు. మొదటి బిల్లు గడువు 2025 ఏప్రిల్‌లోనూ, రెండవ దాని గడువు సెప్టెంబరులోనూ ముగిశాయి. నిలిచేది మూడవ బిల్లు తాలూకు రు. 2 లక్షలే. మిగిలిన రు. 6 లక్షలకు కాలదోషం పట్టినట్లే. ప్రతివాది ఈ అభ్యంతరం లేవనెత్తకపోయినా, గడువు దాటిన దావాను కొట్టివేయవలసిందేనని చట్టం 3వ సెక్షన్ కోర్టును ఆదేశిస్తున్నది.

బిల్లుపై 30 రోజుల వాయిదా అని స్పష్టంగా ఉంటే 15వ ఆర్టికల్ వర్తిస్తుంది. అప్పుడు మూడేళ్లు ఆ వాయిదా ముగిసిన నాటి నుంచి మొదలవుతాయి.

పరస్పర ఖాతా అంటే

ఖాతా మొత్తానికి ఒకే గడువు ఇచ్చేది చట్టంలోని 1వ ఆర్టికల్. పరస్పరమైనదై, మూసివేయకుండా నడుస్తున్న ఖాతాలో, ఇరుపక్షాలకూ ఒకరిపై ఒకరికి డిమాండు ఉన్నప్పుడు, తేలిన నిల్వ బాకీకి ఇది వర్తిస్తుంది. ఒప్పుకున్న లేదా రుజువైన ఆఖరి పద్దు ఏ సంవత్సరంలో పడిందో, ఆ సంవత్సరాంతం నుంచి మూడేళ్లు. సంవత్సరం అంటే ఖాతాలో పాటించే సంవత్సరమే.

ఒకవైపు సరుకు, మరొకవైపు సొమ్ము ఉన్నంత మాత్రాన ఖాతా పరస్పరం కాదు. రెండువైపులా స్వతంత్రమైన బాధ్యతలు పుట్టాలి. ఒకరి బాకీని రెండవవారు తీర్చడమే జరుగుతుంటే అది చెల్లింపు మాత్రమే. మద్రాసు హైకోర్టు 1871లోనే హిరద బసప్ప, గదిగి ముద్దప్పల కేసులో ఈ కొలమానం పెట్టింది. 1959లో సుప్రీంకోర్టు దానినే ఖాయం చేసింది.

సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది హిందుస్తాన్ ఫారెస్ట్ కంపెనీ, లాల్‌చంద్‌ల వివాదం. జమ్మూ కాశ్మీర్ హైకోర్టు నుంచి వచ్చిన అప్పీలు. కొన్నవారు ముందుగా సొమ్ము ఇచ్చారు, అమ్మినవారు సరుకు విడతలుగా అందజేశారు. అడ్వాన్సు అందినపుడు అమ్మినవారే బాకీదారులు కదా, కనుక ఖాతా పరస్పరమని వాదన. న్యాయమూర్తి ఎ.కె. సర్కార్ రాసిన తీర్పు దీనిని అంగీకరించలేదు. అడ్వాన్సు ఆ బేరం కిందనే ఇచ్చినది, సరుకు ఆ బేరం కిందనే వచ్చినది. వేరే బాధ్యత ఏదీ పుట్టలేదని తేల్చింది. నిల్వ ఒకసారి ఇటు, ఒకసారి అటు మొగ్గినా అది సూచన మాత్రమే. అసలు ప్రశ్న లావాదేవీల స్వభావం.

సాతంరాయి మిల్లు లెక్కనే మరో విధంగా చూద్దాం. దుకాణం వారు మిల్లు నుంచి పప్పు కొంటూనే, తమ సొంత కందులను మిల్లుకు అమ్ముతున్నారనుకుందాం. పప్పు ధరకు దుకాణం బాకీ, కందుల ధరకు మిల్లు బాకీ. రెండూ ఒకే ఖాతాలో నడిచి, అప్పుడప్పుడు నిల్వ తేల్చుకుంటుంటే అది పరస్పర ఖాతా అనడానికి గట్టి ఆధారం ఉంటుంది. ఆఖరి పద్దు 2023 మార్చి 20న పడితే, ఏప్రిల్-మార్చి ఖాతాలో ఆ సంవత్సరాంతం 2023 మార్చి 31. దావాకు 2026 మార్చి 31 వరకు గడువు, అదీ మొత్తం నిల్వకు. ఆఖరి పద్దు ఏప్రిల్ 5న పడి ఉంటే గడువు 2027 మార్చి 31 దాకా సాగేది.

కమీషన్ ఏజెంట్ల ఖాతాలకూ ఇదే పరీక్ష. ఇచ్చిన అడ్వాన్సు ఒక బాకీగా, సరుకు అమ్మి జమ కట్టవలసిన సొమ్ము వేరొక బాధ్యతగా నిలిచే ఏర్పాటు ఉంటే వాదనకు బలం. సరుకు కేవలం అడ్వాన్సు తీరడానికే వస్తుంటే బలం తక్కువ.

పూర్వం దీపావళికో, ఉగాదికో ఖాతాలు మార్చే వర్తకులు ఉండేవారు. ఆదాయపు పన్ను నిమిత్తం 1989-90 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అందరికీ మార్చి 31 సంవత్సరాంతమైంది. లెడ్జరులో వేరే సంవత్సరం పాటిస్తున్నవారు దానిని రుజువు చేయగలిగి ఉండాలి.

సంతకం విలువ

ఖాతా పరస్పరం కాకపోయినా బాకీని కాపాడుకునే మార్గం ఉంది. గడువు ముగిసే లోపల బాకీదారు బాకీ ఉన్నదని రాతపూర్వకంగా ఒప్పుకొని సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు లభిస్తాయి. ఇది 18వ సెక్షన్. ఎంత బాకీ అన్నది రాయకపోయినా, ఇప్పుడు ఇవ్వలేమని రాసినా ఒప్పుకోలు చెల్లుతుంది. పై ఉదాహరణలో 2024 మార్చి 31న నిల్వ కాగితంపై దుకాణదారు సంతకం తీసుకొని ఉంటే, రు. 8 లక్షలకూ 2027 మార్చి 31 వరకు దావా నిలిచేది. గుమాస్తా సంతకమైతే, యజమాని తరఫున సంతకం చేసే అధికారం అతనికి ఉన్నదని చూపవలసి వస్తుంది.

కొంత సొమ్ము చెల్లించినా 19వ సెక్షన్ కింద గడువు తిరిగి మొదలవుతుంది. అయితే ఆ చెల్లింపు గడువు లోపల జరగాలి. చెల్లించినవారి చేతిరాతగానో, సంతకంతోనో దానికి రాత ఉండాలి. చెక్కు ద్వారా వచ్చిన చెల్లింపు ఇందుకు పనికి వస్తుందని సుప్రీంకోర్టు 1967లో జీవన్‌లాల్ ఆచార్య కేసులో అంగీకరించింది. నగదు ముట్టినపుడు మన చిట్టాలో మనం రాసుకున్న జమ మాత్రమే చాలదు. బ్యాంకు బదిలీ ద్వారా వచ్చిన సొమ్ముకు కూడా సంతకంతో ఒక చీటీ తెప్పించుకోవడం క్షేమం.

గడువు దాటిన తర్వాత తీసుకున్న ఒప్పుకోలుకు ఈ శక్తి లేదు. అప్పుడు కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ మూడవ క్లాజు ప్రకారం, ఆ బాకీ చెల్లిస్తానని సంతకంతో స్పష్టమైన వాగ్దానమే కావాలి.

కాలదోషం దావాకే గాని బాకీకి కాదు. కావున వచ్చిన సొమ్మును ఏ బిల్లుకు జమ కట్టాలో బాకీదారు చెప్పనపుడు, కాలదోషం పట్టిన బిల్లుకు సైతం జమ కట్టుకునే హక్కు అమ్మినవారికి కాంట్రాక్టు చట్టం 60వ సెక్షన్ ఇస్తున్నది. పాత బిల్లులు ముందు తీర్చుకుంటే కొత్త బిల్లులు దావాకు మిగులుతాయి.

దావాకు ముందు

కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని గడువులో లెక్కించవద్దని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఉత్తరువు ఇచ్చింది. ఆ మధ్యకాలంలో వాయిదా లేకుండా ఇచ్చిన సరుకుకు మూడేళ్లు 2022 మార్చి 1 నుంచి నడిచి 2025 ఫిబ్రవరితో ముగిశాయి. కోవిడ్ పేరు చెప్పి ఇంకా సమయం ఉన్నదనుకోరాదు.

రు. 3 లక్షలకు తగ్గని వాణిజ్య వివాదాలు కమర్షియల్ కోర్టులకు వెళతాయి. అత్యవసర ఉత్తరువు కోరని దావాకు ముందుగా మధ్యవర్తిత్వానికి దరఖాస్తు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో స్పష్టం చేసింది. మధ్యవర్తిత్వానికి పట్టిన కాలాన్ని గడువు నుంచి మినహాయిస్తారు. అయినా ఆఖరి వారం దాకా ఆగడం మంచిది కాదు.

పరస్పర ఖాతా ఆధారంగా దావా వేసేవారు ఆ సంగతిని దావా పత్రంలోనే చెప్పాలి. ఖాతా పుస్తకాలు సాక్ష్యమే గాని, వాటి ఒక్కదానితోనే ఎదుటివారిపై బాధ్యత రుజువు కాదు. బిల్లులు, లారీ రసీదులు, వే బిల్లులు, ఉత్తరాలు వెంట ఉండాలి.

ఏటా మార్చి 31న నిల్వ తేల్చేటపుడు వర్తకులు చేయవలసిన పని ఒకటే. ప్రతి బాకీదారు ఖాతాలో తీరని బిల్లులలో పాతది ఏదో, దానికి మూడేళ్లు ఎప్పుడు నిండుతాయో ఖాతా పక్కన రాసుకోవాలి. ఆ తేదీకి ముందే సంతకమో, సొమ్మో, దావానో, ఏదో ఒకటి జరిగి తీరాలి.