మోటారు వాహన శక్తి ప్రసరణ వ్యవస్థలో కంపనాలు

ఇంజనులో పుట్టిన శక్తిని చక్రాలకు చేరవేసే భాగాలన్నిటినీ కలిపి శక్తి ప్రసరణ వ్యవస్థ అంటారు. క్లచ్చు, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్, ఇరుసులు ఇందులోని ముఖ్య భాగాలు. చేతితో గేర్లు మార్చే వాహనానికి ఎత్తు పెంచడం, తేలికపాటి ఫ్లైవీలు బిగించడం వంటి మార్పులు చేసినపుడు కొత్త కంపనాలు, శబ్దాలు పుట్టవచ్చు. ఏ భాగాన్నీ విప్పకముందే, కంపనం దేని వేగాన్ని అనుసరిస్తున్నదో కనుగొంటే దోషస్థానం చాలావరకు తెలుస్తుంది. ఈ వ్యాసం ఇంజను ముందు ఉండి, వెనుక చక్రాలకు శక్తి అందే వాహనాలకు సంబంధించినది.

మూల సూత్రం

తిరిగే ప్రతి భాగం తన వేగానికి తగిన కంపనాన్నే పుట్టిస్తుంది. ఉదాహరణకు టైరు చుట్టుకొలత 2 మీటర్లు, డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అనుకుందాం. వాహనం గంటకు 72 కి.మీ. వేగంతో, అనగా సెకనుకు 20 మీటర్లు పోతున్నపుడు:

* చక్రం సెకనుకు 10 చుట్లు తిరుగుతుంది. దీని దోషం స్టీరింగులోనో, సీటులోనో ఊపుగా తెలుస్తుంది.
* ప్రొపెల్లర్ షాఫ్టు సెకనుకు 40 చుట్లు తిరుగుతుంది. సమతూకం తప్పితే సెకనుకు 40 కంపనాలు వస్తాయి.
* యూనివర్సల్ జాయింటు కోణం వలన చుట్టుకు రెండు చొప్పున 80 కంపనాలు కలుగుతాయి.
* డిఫరెన్షియల్ పినియనుకు 10 పళ్ళుంటే సెకనుకు 400 సార్లు పళ్ళు కలుస్తాయి. అందుచేత దీని దోషం ఊళ వంటి ధ్వనిగా వినిపిస్తుంది.

పరీక్షా విధానం

1. ఒకే వేగంలో గేరు మార్చి చూడాలి. కంపనం మారకపోతే కారణం గేరుబాక్సుకు వెనుక ఉన్నదని, ఇంజను వేగంతోపాటు మారితే ఇంజను, ఫ్లైవీలు, క్లచ్చు వైపు ఉన్నదని భావించవచ్చు. అనేక వాహనాలలో నాలుగవ గేరు నిష్పత్తి 1. అప్పుడు ఇంజను, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి కనుక ఆ ఒక్క గేరులో చూసి నిర్ణయించరాదు.
2. ఖాళీ రహదారిపై, ఇంజను ఆపకుండా, గేరు న్యూట్రల్‌లో ఉంచి వాహనాన్ని దొర్లనివ్వాలి. కంపనం నిలిచి ఉంటే షాఫ్టును, చక్రాలను పరీక్షించాలి.
3. నిలిచిన వాహనంలో, న్యూట్రల్‌లో, క్లచ్చు పెడలు తొక్కగానే శబ్దం పోతే అది గేరుబాక్సులోనిది. తొక్కినపుడే శబ్దం వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి.
4. యాక్సిలరేటరు తొక్కినపుడు ఒక రకంగా, వదిలినపుడు మరొక రకంగా ఊళ వినిపిస్తే డిఫరెన్షియల్ పళ్ళ కలయికను చూడాలి.

మార్పుల ప్రభావం

ఎత్తు పెంచడం: కమాన్లు మార్చి వాహనాన్ని ఎత్తు చేస్తే షాఫ్టు వాలు పెరుగుతుంది. కోణంలో ఉన్న యూనివర్సల్ జాయింటు ఒకవైపు నిలకడగా తిరిగినా, రెండవవైపు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకొని, రెండుసార్లు తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులు 10 డిగ్రీల వద్ద సుమారు 1.5 శాతం, 20 డిగ్రీల వద్ద సుమారు 6 శాతం. అనగా కోణం రెట్టింపయితే దోషం నాలుగు రెట్లవుతుంది. షాఫ్టు రెండు చివరల కోణాలు సమానంగా ఉండి, దాని రెండు యోకులు ఒకే తలంలో ఉంటే ఒక జాయింటు దోషాన్ని రెండవది సరిచేస్తుంది. కమాన్ల కింద తగిన వాలుముక్కలు పెట్టి ఇరుసును తిప్పడం ఇందుకే.

తేలికపాటి ఫ్లైవీలు: నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజనులో చుట్టుకు రెండు దహనాలు జరుగుతాయి. ఆ కుదుపులను బరువైన ఫ్లైవీలు, క్లచ్చు ప్లేటులోని స్ప్రింగులు మెత్తబరుస్తాయి. వాటిని తొలగిస్తే ఖాళీగా తిరిగే గేరు పళ్ళు ఒకదానినొకటి తట్టుకొని గలగలమంటాయి. క్లచ్చు తొక్కితే పోయే ఈ గలగలను చూసి బేరింగులు పోయాయని మంచి గేరుబాక్సును విప్పించి నష్టపోయేవారున్నారు. ఫ్లైవీలు మార్చిన రోజునుండే మొదలై, ఇంజను వేగం కొద్దిగా పెంచగానే తగ్గితే ఇది అరుగుదల కాకపోవచ్చు. రోజురోజుకూ పెరుగుతూ ఉంటే మాత్రం బేరింగును పరీక్షించాలి.

గట్టి మౌంటింగులు: ఇంజను కింది రబ్బరు దిమ్మెలకు బదులు గట్టివి వేస్తే, అంతకుముందు నుండి ఉన్న కంపనమే బాడీకి ఎక్కువగా చేరుతుంది.

జాగ్రత్తలు

షాఫ్టు విప్పే ముందు జతభాగాలపై గుర్తులు పెట్టుకోవాలి. స్ప్లైను పళ్ళు తప్పించి బిగిస్తే యోకుల తలాలు మారి కొత్త కంపనం పుడుతుంది. వాహనం కిందికి వెళ్ళేటప్పుడు జాకీని మాత్రమే నమ్మక స్టాండ్లు ఉంచాలి. యూనివర్సల్ జాయింటులో ఆట కనిపిస్తే వాహనాన్ని నడపరాదు. వేగంలో షాఫ్టు ఊడితే ప్రాణాపాయం.