రెండేళ్ల అనుభవం ఎక్కడ దొరుకుతుంది?

మీరు గాని, మీ పిల్లలు గాని వెబ్‌సైట్లు తయారు చేసే పని నేర్చుకుంటున్నారా? అయితే ఈ చిక్కు మీకు తెలిసే ఉంటుంది. ప్రతి ప్రకటనలోనూ రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఎవరూ పని ఇవ్వకపోతే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?

మా మేనల్లుడు డర్బన్‌లో, చాట్స్‌వర్త్‌లో ఉంటాడు. మెట్రిక్ తరువాత ఏడాది పాటు ఇంట్లోనే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ నేర్చుకున్నాడు. నలభై చోట్లకు సీవీ పంపాడు. ఇద్దరే జవాబు ఇచ్చారు, ఇద్దరూ వద్దన్నారు. "తమ్ముడూ, వీణ్ణి ఏదైనా దుకాణంలో పెట్టేద్దామా?" అని మా అక్క రోజూ ఫోన్ చేసేది.

నేను లెక్కల మాస్టారిని. కంప్యూటర్ల సంగతి నాకు అంతగా తెలియదు. అయినా వాడి సీవీ చూశాను. పేజీ నిండా సర్టిఫికెట్ల పేర్లు ఉన్నాయి, చేసిన పని ఒక్కటీ లేదు. క్లాసులో జవాబు మాత్రమే రాస్తే నేను పూర్తి మార్కులు ఇవ్వను. లెక్క చేసి చూపించాలి. వాడికీ అదే చెప్పాను.

మా గుడి తెలుగు తరగతికి ఒక వెబ్‌సైటు కావలసి ఉంది. వాడు చేశాడు. ఇలాంటి చిన్న సైటును గిట్‌హబ్ పేజెస్‌లో డబ్బు కట్టకుండా పెట్టవచ్చు. మొదటి వారంలోనే ఒక అమ్మమ్మ ఫోన్ చేసింది. "ఒత్తులు ఏవి నాయనా? 'అమ్మ' అన్నచోట 'అమ' అని ఉంది!"

మన ఒత్తులు కిందికి వేలాడతాయి కదా! ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎత్తు మనకు చాలలేదు. పైగా పెట్టె దాటిన భాగాన్ని దాచమని వాడే కోడ్‌లో రాశాడు. అందుకే ఒత్తులు తెగిపోయాయి. వరుస ఎత్తు పెంచాడు, నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టాడు. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో తెలిపాడు. చూపు లేనివారికి పేజీ చదివి వినిపించే ప్రోగ్రాములకు అది అవసరం. మనలో చాలామందిది ప్రీపెయిడ్ డేటా కాబట్టి ఫోటోల సైజు కూడా తగ్గించాడు.

ఏది చెడిపోయిందో, ఎలా బాగు చేశాడో అర పేజీలో రాయమన్నాను. సర్టిఫికెట్లు కిందికి వెళ్లాయి, ఇది పైకి వచ్చింది. ఈసారి ఎనిమిది చోట్లకే పంపాడు, ఒక్కోదానికి వేరే ఉత్తరం రాసి.

ఈ మధ్యలో ఒక ఏజెంటు ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగాడు. మీరు ఇవ్వకండి. 2014 నాటి ఎంప్లాయ్‌మెంట్ సర్వీసెస్ చట్టం ప్రకారం, పని వెతికేవారి దగ్గర అలా రుసుము తీసుకోకూడదు.

ఉమ్‌హ్లాంగాలో ఒక చిన్న ఆఫీసు పిలిచింది. ఇంటర్వ్యూలో సగం సేపు ఒత్తుల గురించే మాట్లాడారట! అక్కడ ఎవరికీ తెలుగు రాదు. డేటాబేస్ ప్రశ్న ఒకటి వాడికి రాలేదు. తెలియదని చెప్పి, జవాబు ఎలా వెతుకుతాడో వివరించాడు.

ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చారు. జీతం తక్కువ. అందులో చాలా భాగం టాక్సీలకే పోతోంది. జూన్ తరువాత ఉంచుకుంటారో లేదో ఇంకా చెప్పలేదు. అక్క ఇప్పుడు వారానికి ఒకసారే ఫోన్ చేస్తోంది.

అమ్మమ్మ మాత్రం నిన్న మళ్లీ చేసింది. భజనల పేజీలో ఇంకో ఒత్తు పోయిందట.