ఆనకట్టయు ధర్మవిచారమును

ప్రకృతిశాస్త్రమునకును ధర్మమునకును గల సంబంధమును గూర్చి కొంత ముచ్చటింపుమని నన్ను కోరినారు. పెద్ద పట్టణములలోని విద్వాంసులు ఈ విషయమును అణుశక్తి మొదలుకొని నేటి యంత్రబుద్ధి వఱకు ఎన్నో ఉదాహరణములతో విస్తరింపగలరు. నేను నందికొట్కూరులో పిల్లలకు తెలుగు చెప్పి విరమించిన బడిపంతులను. నా చదువు వ్యాకరణము, కావ్యములు, కొంత తర్కము. నాకు దగ్గఱగా తెలిసిన ఉదాహరణము మా ఊరికి ఉత్తరమున కృష్ణలో నిలిచియున్న నీరు. దానిని గూర్చియే చెప్పెదను.

శ్రీశైలము వద్ద కృష్ణకు అడ్డముగా కట్టిన ఆనకట్టకు 1963 జూలై 24వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. మొదట అది విద్యుత్తుకొఱకే తలపెట్టిన పని. 1981లో జలాశయమును నింపుటకు సిద్ధపడిరి. మఱుసటి యేట మొదటి విద్యుద్యంత్రము తిరిగినది. నేడు కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున భూగర్భమున 900 మెగావాట్లు పుట్టించు యంత్రములున్నవి. ఈ శక్తివలన ఎన్ని ఇండ్ల దీపములు వెలుగుచున్నవో, ఎన్ని బావుల మోటార్లు తిరుగుచున్నవో నేనెఱుగనివాడను కాను. మా బడిలో పంకాలు తిరిగినదియు దానివలననే. కావున ఆనకట్ట పాపమని చెప్పుటకు నేనిచ్చటికి రాలేదు.

జలాశయమునకు నిండుమట్టమని యొకటి యుండును. శ్రీశైలమునకు అది 885 అడుగులు. సముద్రమట్టమునుండి లెక్కించి, నేలమీద అంత యెత్తున్న చోట్లనన్నిటిని కలుపుచు ఇంజనీర్లు ఒక గీత గీతురు. గీతకు లోపలనున్నది నీటిపాలు, వెలుపలనున్నది గట్టు. ఆ గీతను గీయుట శుద్ధమైన శాస్త్రము. అందు పక్షపాతము లేదు. రెడ్డిగారి మిద్దెయైనను, కూలివాని కొట్టమైనను గీతకు ఒక్కటే. కాని మట్టమును 885 అని నిర్ణయించుట మాత్రము శాస్త్రము చేసిన పని కాదు. ఎంత శక్తి కావలెను, దానికై ఎంత నేల పోవచ్చును, ఎవరి నేల పోవచ్చును అని మనుష్యులు కూర్చుండి చేసిన నిర్ణయమది. ఈ రెండింటిని వేఱుచేసి చూడకపోవుటచేతనే మన వాదములలో సగము గందరగోళము పుట్టుచున్నది. ‘ఇది సాంకేతిక విషయము, మీకు తెలియదు’ అని అధికారి చెప్పినప్పుడు ఆయన చెప్పునది గీతను గూర్చియా, అంకెను గూర్చియా అని మనము అడుగవలెను.

ఆ గీతకు లోపల, అప్పటి కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో కలిపి, నూఱు గ్రామములకు పైగా పడినవి. లక్షమందికి పైగా స్థానభ్రష్టులైరి. అవి ఏటియొడ్డు భూములు. మా మిట్టలవలె వానకై మొగము చాచునవి కావు. 1981 వేసవిలో ఇండ్లను ఖాళీచేయించి పడగొట్టించిరి. నేనప్పుడు చదువుకొనుచున్న యువకుడను. వాసములు, తలుపులు, గడపలు బండ్లకెత్తుకొని నందికొట్కూరు దారిని పోయిన జనమును చూచితిని. తలుపు తీసికొనిపోవుదురు గాని, దానిని నిలుపుటకు గోడ ఎక్కడనో చాలమందికి తెలియదు.

అప్పటికి అమలులోనున్నది 1894 నాటి భూసేకరణ చట్టము. అందు భూమికి వెల కట్టు విధానము కలదు. కోతకూలి, గొఱ్ఱెల కాపరి, ఊరిని నమ్ముకొని బ్రతికిన చాకలి, మంగలి, ఏటిని నమ్ముకొని బ్రతికిన బెస్త, వీరి బ్రతుకునకు వెల కట్టు విధానము లేదు. రూకలు చేతబడిన రైతుకును భూమి దొరకలేదు. ఒక్కమాఱు వేలమంది కొనువారు పుట్టిన చోట ధర ఎట్లుండునో చెప్పనక్కఱలేదు.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలెను. ఆ ముంపులోనే మన ప్రాచీన దేవాలయములు కొన్ని పడినవి. పురావస్తుశాఖవారు వానిని శిలశిలగా విప్పి, ప్రతి శిలకును అంకె వేసి, తరలించి, ఆ వరుసనే తిరిగి కట్టిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమునకు వచ్చినది. పాపనాశి గుడులు ఆ సమీపమునకే చేరినవి. రూపాల సంగమేశ్వరాలయము కర్నూలు దగ్గఱ జగన్నాథగట్టు మీద నిలిచినది. చూడుడు, ఎంత శ్రద్ధతో చేసినారో! చాళుక్యుల నాటి శిల్పము నేడు మన పిల్లలు చూచుచున్నారన్న అది వారి పుణ్యమే. ఐనను, శిల ఎక్కడనుండి తీసి ఎక్కడ పెట్టవలెనో పట్టిక వ్రాయగలిగిన ప్రభుత్వము, అదే ఏట అదే నేలమీద, మనుష్యుడు ఎక్కడనుండి లేచి ఎక్కడ కూర్చుండవలెనో పట్టిక వ్రాయలేకపోయెను. చేతకాక కాదు, అది తన పని యని తోచక. ఐగుప్తదేశమున నైలునదిపై అస్వాన్ పెద్ద ఆనకట్ట కట్టినప్పుడును ఇట్లే జరిగినది. అబూ సింబెల్ ఆలయములను 1964 మొదలు 1968 వఱకు దేశదేశములవారు ధనమిచ్చి కొండమీదికెత్తిరి. ఆ ఒడ్డున తరతరములుగానున్న నూబియనులను మాత్రము ఏటికి దూరమైన కొత్త ఊళ్లకు పంపిరి.

అన్ని గుడులును తరలలేదు. మా వైపున ఏడు నదులు కలియునని పెద్దలు చెప్పు సంగమేశ్వరమున, వేపదారు లింగమున్న ఆలయము నీటిలోనే యుండిపోయినది. 1981లో మునిగినది 2003లో గాని మరల బయటపడలేదు. అప్పటినుండి నీరు దిగిన యేండ్లలో 837 అడుగుల ప్రాంతమున గర్భాలయము తేలును. జనము పడవలమీదను, కాలినడకను పోయి పూజలు చేయుదురు. భక్తులకది పండుగ. కాని గర్భాలయము తేలినదనగా, పోతిరెడ్డిపాడు తూమునుండి మా సీమ కాలువలకు నీరు పాఱదని అర్థము. ఒకే నీరు ఒక మట్టమున దేవుని దాచును, వేఱొక మట్టమున పొలమును ఎండబెట్టును.

ఈ మట్టముల వివాదమును కొంచెము ఓపికతో వినుడు. విద్యుద్యంత్రములు జలాశయము బాగుగ దిగినను తిరుగగలవు. పోతిరెడ్డిపాడు తూము ఎత్తుననున్నది; 854 అడుగులకు తక్కువైన కొలది దానికి నీరు కఱవగును. 1996లో ప్రభుత్వము కనీసమట్టమును 834 అడుగులని ఉత్తరువు చేసినది. 2004లో 854 అని మార్చినది. ఆనకట్టలో ఒక్క శిలయు కదలలేదు, నదిలో ఒక్క బొట్టును పెరుగలేదు. కాగితముమీద ఇరువది అడుగులు మాఱినవి. ఆ ఇరువది అడుగులలోనే నంద్యాల, కడపల ఆయకట్టును, చెన్నపట్టణమునకు పదునైదు టి.ఎం.సి.ల త్రాగునీటిని మోయు తెలుగుగంగయు ఇమిడియున్నవి. 2005 తరువాత పోతిరెడ్డిపాడు ప్రవాహశక్తిని 11,150 క్యూసెక్కులనుండి 44,000కు పెంచిరి. దానికి అవతలి గట్టువారు అభ్యంతరము చెప్పిరి, నేటికిని చెప్పుచున్నారు. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. పాలమూరు కూడ కఱవునేలయే. వారి ఊళ్లును మా ఊళ్లతోపాటు మునిగినవి. ఆకలిగొన్న ఇద్దఱు ఒక విస్తరిముందు కూర్చున్నప్పుడు వడ్డించువాడు ‘ఇది సాంకేతిక విషయము’ అనిన ఎట్లుండునో అట్లున్నది. మల్యాల, ముచ్చుమఱ్ఱి ఎత్తిపోతలు కట్టిన పిమ్మట ఇంకను దిగువనుండి నీరు తోడుట సాధ్యమైనది. హంద్రీ–నీవా నీరు మా తాలూకాలో లేచి అనంతపురము దిక్కునకు పోవుచున్నది. పోనిండు, అచ్చటివారును మనవారే. ముంపు మాది, కాలువ దారియు మాది, నీరు మాత్రము చూచుటకు మాది అని మావారు నవ్వుచు అందురు.

శాస్త్రజ్ఞుల అంచనాలును దైవవాక్యములు కావు. వారును అట్లనరు, వారి పేరు చెప్పి నిర్ణయము చేయువారే అట్లందురు. శ్రీశైల జలాశయము మొదట 308 టి.ఎం.సి.లు పట్టునని లెక్క. మేట వేయగా వేయగా ఇప్పటి లెక్క సుమారు 215. అనగా మూడవవంతుకు దగ్గఱగా మట్టి ఆక్రమించినది. గ్రామములు మునిగినది మాత్రము పాత లెక్కకే. 2009 అక్టోబరు 2వ తేదీన వచ్చిన వఱద ఆనకట్ట నిర్మాతలు ఊహించిన దానిని మించిపోయినది. సుమారు ఇరువదియైదు లక్షల క్యూసెక్కులని చెప్పిరి. నీరు 885ను దాటి 896 అడుగుల వఱకు ఎక్కినది. ఆనకట్ట నిలిచినది, దానిని కట్టినవారికి నమస్కారము. కర్నూలు పట్టణము మునిగినది. ముందే కొంత నీరు వదలియుండవలసినదా యని తరువాత చాల వాదములు జరిగినవి. ముందే వదలి వాన రాకున్న, నీరు వృథా చేసితిరని అదే జనము అడుగును; ఆ చిక్కు నిజమైనదే. కాని అట్టి చిక్కును ఎవరు, ఏ నియమముతో విప్పుదురో ముందుగ వ్రాసి అందఱికిని తెలిసియుండవలెను కదా.

వ్యాకరణము చదివినవాడను గావున ఒక మాట చెప్పక ఉండలేను. సంస్కృతమున కొన్ని ధాతువులకు రెండు రూపములుండును. యజమానుడు ఫలము తనకు చెందునట్లు యాగము చేసిన ‘యజతే’ అందురు. ఋత్విక్కు ఇతరునికై చేసిన ‘యజతి’ అందురు. క్రియాఫలము కర్తకు చెందునా, పరునికి చెందునా అను ప్రశ్న క్రియాపదములోనే కూర్చుండియున్నది. దానిని తేల్చక వాక్యమే పూర్తికాదు. మన ప్రభుత్వ పత్రములలోని ‘ప్రజాప్రయోజనము’ అను మాటలో ఆ ప్రశ్నకు చోటు లేదు. ఏ ప్రజ? ఎవరి ప్రయోజనము? మునిగినవారు ఆ ప్రజలో చేరుదురా? సమాసము చేసినచో విభక్తులు లోపించును. ఇచ్చట విభక్తులతోపాటు మనుష్యులును లోపించిరి.

1986లో ప్రభుత్వము 98వ సంఖ్యగల ఉత్తరువునిచ్చినది. ముంపునకు లోనైన కుటుంబములకు ఉద్యోగములిత్తుమని దాని సారాంశము. కొందఱికి కాలువలమీద లష్కరు పనులు దొరకినవి. దొరకనివారు నేటికిని అర్జీలు పట్టుకొని తిరుగుచున్నారు. ఆ అర్జీలను వ్రాసిన చేతులలో నాది యొకటి. ఒకాయన నలువదియేండ్ల వయసున మొదటిమాఱు వచ్చెను. పదేండ్లు పోయిన పిమ్మట అదే సంచిలో అవే కాగితములతో వచ్చి, “నాకు వయసు దాటినాదంట అయివారూ, మావోని పేరన్నా రాయి” అనెను. వ్రాసితిని. ఆ కొడుకునకును వయోపరిమితి దాటినది. ఒక కార్యాలయమున ఆ సంచిని చూచి, ‘మూల కాగితము లేదు, నకలు చెల్లదు’ అని త్రిప్పిపంపిరట. మూల కాగితముండిన పెట్టె ఏ ఊరిలోనుండెనో, ఆ ఊరు ఇప్పుడెక్కడనున్నదో ఆ గుమాస్తాకు తెలియనిది కాదు.

చట్టము మాఱలేదని అనను. 2013లో క్రొత్త భూసేకరణ చట్టము వచ్చి, 2014 జనవరి 1 నుండి అమలైనది. అందు భూమిలేనివాని జీవనోపాధికిని లెక్క కలదు. పని మొదలుపెట్టక ముందే దానివలన కలుగు సామాజిక ఫలితములను విచారింపవలెనని కలదు. చట్టము మంచిది. కాని అనుమతి యనునది వ్రేలిముద్ర కాదని చట్టము నేర్పజాలదు. 2009లో ఖమ్మము జిల్లాలో పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకాను పరిశీలనార్థము వేసిరి. వసతిగృహములలోని గిరిజన బాలికలు చాలమందికి తల్లిదండ్రులకు మాఱుగా వార్డెన్లు సంతకము చేసిరి. 2010 ఏప్రిలులో ఆ పని నిలిపివేసిరి. 2013లో పార్లమెంటు సంఘము తీవ్రముగా తప్పుపట్టినది. టీకా మంచిదా కాదా యనునది వేఱు ప్రశ్న. అది ఎన్నో దేశములలో వాడుకలోనున్నది. అప్పటి బాలికల మరణములు దానివలన కావనియే విచారణలో తేల్చిరి. అయినను తల్లికి తెలియక బిడ్డ భుజమునకు సూది వేయుటకు మందు మంచిదనుట సమాధానము కాదు. మా గ్రామములకు వచ్చిన ముంపు నోటీసులును అట్టివే. వానిలోని భాషను నాబోటి పండితుడు సైతము రెండుమాఱులు చదువవలసివచ్చినది.

ఇప్పుడు మా ముందఱ క్రొత్త ప్రశ్న యొకటి వచ్చినది. సిద్ధేశ్వరము, సోమశిలల నడుమ కృష్ణపై వంతెన కావలెనని చిరకాలముగా కోరుచున్నారు. 2007లో ఆ నీటిలో పడవ మునిగి పదులకొలది ప్రాణములు పోయిన పిమ్మట ఆ కోరిక మఱింత గట్టిపడినది. 2022లో కేంద్రప్రభుత్వము తీగల వంతెనకు వేయికోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసినది. వంతెనతోపాటు అడ్డుకట్టయు ఉండవలెనని, అట్లైన మేట కొంత ఆగునని, సీమకు మట్టము నిలుచునని మా రైతులు 2016 నుండియు గట్టిగా కోరుచున్నారు. ఆ యేట మే నెలాఖరున వేలమంది పోయి తామే అలుగునకు శంకుస్థాపన చేసివచ్చిరి. నా మనస్సు వారి పక్షముననే యున్నది. కాని కట్టువారు మొదట ఒక పని చేయవలెను. ఆ కట్టు ఎంత యెత్తు, దానిచే ఎగువన ఏ గీత ఎక్కడికి జరుగును, ఆ గీతలో ఇంకను ఏ ఊరి ఏ పొలము పడును, మేట లెక్క ఏమి, ఈ లెక్క తప్పిన ఎవరు బాధ్యులు, ఇవన్నియు మంచి తెలుగున వ్రాసి, కొత్తపల్లె, పగిడ్యాల మండలములలోని ప్రతి రచ్చకట్ట యొద్దను, అవతలి గట్టున కొల్లాపురము వైపుననున్న ఊళ్లలోను చదివి వినిపింపవలెను. చదువువారు కావలెనన్న మాయందు విరమించిన ఉపాధ్యాయులు చాలమంది కలరు, జీతము అక్కఱలేదు.